వెరావల్ వెళ్తున్న కుర్రాళ్లకు: బోటు ఎక్కడుందో అందరికీ తెలియాలి

2025 అక్టోబరులో విశాఖ నుంచి వేటకు వెళ్లిన విజయనగరం జిల్లా జాలర్లు బంగ్లాదేశ్ జలాల్లో అక్కడి దళాలకు చిక్కారు. ఆ కబురు వినగానే మా తీరంలో ప్రతి ఇంట్లోనూ 2018 గుర్తుకొచ్చింది. ఆ ఏడాది నవంబరు చివర్లో, గుజరాత్‌లోని వెరావల్ రేవు బోట్ల మీద పనిచేస్తున్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లను పాకిస్తాన్ సముద్ర దళం పట్టుకెళ్లి కరాచీ జైల్లో పెట్టింది. వాళ్లలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర మన గడ్డ మీద కాలు పెట్టారు. మధ్యలో పదమూడు నెలలు దాటిపోయాయి. ఆ పదమూడు నెలలూ ఇక్కడ ఆడవాళ్లు కలెక్టరాఫీసుల చుట్టూ తిరిగారు.

మళ్లీ సీజన్ వచ్చేసింది. పశ్చిమ తీరంలో జూన్ 1న మొదలైన నిషేధం ఎత్తేశాక గుజరాత్‌లో బోట్లు కదులుతాయి. మన ఊళ్ల నుంచి కుర్రాళ్లు గుంపులుగా రైలెక్కుతారు. వాళ్లలో సముద్రం తెలిసినవాళ్లే ఎక్కువ, కానీ ఆ సముద్రం తెలియనివాళ్లు. ఇక్కడ తెప్ప మీద పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చినవాడు అక్కడ రెండు మూడు వారాలు ఒడ్డు కనపడని చోట ఉండాలి. భాష రాదు, ఒడ్డు తెలియదు, ఆ నీళ్లకి అవతల ఉన్న దేశం అసలే తెలియదు.

తాగి ఎక్కొద్దు, తుపాను హెచ్చరిక ఉంటే వెళ్లొద్దు, లైఫ్ జాకెట్ తీసుకోండి అని మీకు ఇంట్లో చెప్తారు. అవి నేను చెప్పను. ఎన్నో కుటుంబాలను ముంచిన తప్పు ఒకటుంది, దాని గురించే రాస్తున్నాను. బోటు ఎక్కడుందో ఒక్కడికే తెలియడం.

బోటు మీద ఏడెనిమిది మంది ఉంటారు. జీపీఎస్ ఒకటి ఉంటుంది. దాన్ని చదవడం బోటుకు పెద్ద అయిన తండేలుకు వచ్చు, ఒక్కోసారి డ్రైవర్‌కు కూడా వచ్చు. మిగతావాళ్లు వల వేస్తారు, లాగుతారు, చేపలు ఏరుతారు, ఐస్ కొడతారు, తింటారు, పడుకుంటారు. బోటు ఎటు పోతోందని ఎవరూ అడగరు. తండేలు కూడా మనిషే. రెండు రాత్రులు కన్ను మూయకుండా ఉన్నవాడు మూడో రాత్రి వల నీళ్లలో వేసి స్టీరింగ్ కట్టేసి ఒరుగుతాడు. అప్పుడు ఆ బోటు మీద దారి తెలిసిన మనిషి ఒక్కడూ మెలకువగా లేడు.

లెక్క వేసుకోండి. వల ఈడుస్తూ బోటు గంటకు మూడు నాటికల్ మైళ్లు పోతుందనుకుందాం. నాలుగు గంటల నిద్రలో 12 నాటికల్ మైళ్లు, అంటే 22 కిలోమీటర్లకు పైనే. ఇంజిన్ ఆపేసి ఉన్నా ప్రవాహం గంటకు ఒక నాటికల్ మైలు లాగితే ఆరు గంటల్లో 11 కిలోమీటర్లు. నీళ్ల మీద కంచె లేదు, బోర్డు లేదు. తెల్లారి కళ్లు తెరిచేసరికి ఎదురుగా వేరే దేశం జెండా ఉంటుంది.

ఎందుకు అడగరంటే, తండేలే అడ్వాన్స్ ఇప్పించి తీసుకెళ్లినవాడు. చాలాసార్లు మేనమామో పెదనాన్నో అవుతాడు. "బోర్డర్‌కి ఎంత దూరంలో ఉన్నాం మావా?" అని అడిగితే నమ్మకం లేనట్టు అనుకుంటాడని భయం. తమ్ముళ్లూ, ఆ మాట అడగడం మర్యాద తప్పడం కాదు. మంచి తండేలు ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు, ఎందుకంటే ఇంకో జత కళ్లు దొరికితే అతనికే నిద్ర దొరుకుతుంది. అడిగినందుకు కసిరే తండేలు బోటు ఎక్కొద్దు. ఇంకో బోటు దొరుకుతుంది.

బయల్దేరే ముందు

జీపీఎస్ చదవడం ఇంట్లోనే నేర్చుకోండి. చదువు ఎక్కువ లేకపోయినా ఒక సాయంత్రం కూర్చుంటే వస్తుంది. తెర మీద రెండు వరుసల అంకెలుంటాయి. 'ఎన్' అని ఉన్నది అక్షాంశం, 'ఈ' అని ఉన్నది రేఖాంశం. ముందు డిగ్రీలు, తర్వాత నిమిషాలు. 'ఎన్' వరుసలో ఒక నిమిషం మారిందంటే బోటు ఒక నాటికల్ మైలు కదిలింది, అంటే 1.852 కిలోమీటర్లు. ఇంకొక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. వెరావల్ నుంచి వెళ్లాక 'ఎన్' పెరుగుతూ 'ఈ' తగ్గుతూ ఉంటే బోటు వాయవ్యానికి, పాకిస్తాన్ వైపు పోతోంది. విశాఖ నుంచి వెళ్లాక రెండూ పెరుగుతూ ఉంటే బంగ్లాదేశ్ వైపు పోతోంది. ఈ రెండు ముక్కలు తెలిసిన కుర్రాడు బోటు మీద మెలకువగా ఉంటే సగం ప్రమాదం అక్కడే ఆగుతుంది.

ఆధార్, మత్స్యకార గుర్తింపు కార్డు ఒరిజినల్ మీ దగ్గర ప్లాస్టిక్ కవర్‌లో ఉండాలి, జిరాక్స్ ఇంట్లో ఉండాలి. పట్టుబడ్డవాడు మన దేశస్తుడేనని మన ప్రభుత్వం నిర్ధారించాకే విడుదల మాట కదులుతుంది. ఇంట్లో కాగితం లేకపోతే ఆ నిర్ధారణ దగ్గరే నెలలు పోతాయి.

బోటు ఎక్కేముందు దాని పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ కనపడేలా ఫోటో తీసి ఇంటికి వాట్సాప్‌లో పంపండి. సేఠ్ (బోటు యజమాని) ఫోన్ నంబర్, తండేలు పేరు, బోటు మీద ఉన్న అందరి పేర్లూ ఊళ్లూ పంపండి. వెరావల్‌లో బోట్లు మారడం మామూలే, మారిన ప్రతిసారీ మళ్లీ పంపండి. "మావాడు వెరావల్లో ఉన్నాడు" అని తప్ప ఇంకేమీ తెలియని తల్లి అధికారికి ఏం చెప్పగలదు?

ప్రమాద బీమా ఉందో లేదో మత్స్యశాఖ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ఉన్న గ్రూప్ బీమాలో ప్రాణం పోతే 5 లక్షలు, శాశ్వతంగా పాక్షిక వైకల్యం వస్తే 2.5 లక్షలు ఇస్తారు. పేరు నమోదై ఉండాలి, నామినీ పేరు సరిగ్గా ఉండాలి.

బోటు మీద

రాత్రి కాపలా ఇద్దరు. ఒక్కడైతే నిద్రపోతాడు. ఇద్దరిలో ఒకరికైనా జీపీఎస్ చదవడం రావాలి. రెండు గంటలకోసారి అంకెలు ఒక నోట్‌బుక్‌లో రాయాలి, టైముతో సహా. రాయడం ఎందుకంటే, రెండు గంటల కింద ఎక్కడున్నామో తెలిస్తేనే ఇప్పుడు ఎటు పోతున్నామో తెలుస్తుంది. కాపలా మారేటప్పుడు ఆ అంకెలు పైకి చదివి అప్పగించాలి.

బోర్డర్‌కు ఎంత దూరం ఉంటే చాలు అని అడుగుతారు. ఒక రాత్రంతా అందరూ నిద్రపోయినా దాటనంత దూరం ఉండాలి. గుజరాత్‌లో సర్ క్రీక్ దగ్గర ఈ మాట ఇంకా ముఖ్యం. అక్కడ రెండు దేశాల మధ్య గీత ఎక్కడన్నది ఇప్పటికీ ఒప్పందం కాలేదు. మన వైపే ఉన్నామని మీ జీపీఎస్ చూపించినా అవతలివాళ్లు ఒప్పుకోవాలని లేదు. ఆ వైపు చేపలు బాగా పడతాయని చెప్పేవాళ్లుంటారు. పడతాయి. ఆ చేపల కోసం పోయిన బోట్లు కరాచీలో ఉండిపోయాయి, మనుషులు తిరిగొచ్చినా బోట్లు మాత్రం చాలావరకు రావు.

ట్రాన్స్‌పాండర్ ఉన్న బోటు అడిగి ఎక్కండి. ఇస్రో తయారుచేయించిన ఈ పరికరాలను 2024 నుంచి లక్ష బోట్లకు ఉచితంగా పెట్టే పథకం నడుస్తోంది. బోర్డర్ దగ్గరైతే హెచ్చరిస్తుంది, వాతావరణం చెప్తుంది, ఒడ్డుకు మెసేజ్ పంపుతుంది. చేపలు దొరికే చోటు పక్క బోటువాళ్లకు తెలిసిపోతుందని దాన్ని ఆపేసేవాళ్లు ఉన్నారు. ఎవరైనా ఆపుతుంటే చూస్తూ ఊరుకోవద్దు.

వైర్‌లెస్ మీద 16వ ఛానల్‌లో మాట్లాడటం అందరూ నేర్చుకోవాలి, వంటవాడితో సహా. ప్రాణాపాయమైతే "మేడే" అని మూడుసార్లు, తర్వాత బోటు పేరు, అంకెలు, ఎంతమంది ఉన్నారు, ఏం జరిగింది. హిందీలో చెప్పినా ఫర్వాలేదు. అంకెలు మాత్రం తప్పకూడదు, మళ్లీ మళ్లీ చెప్పాలి. ఇక్కడ కూడా అదే సంగతి: తండేలుకు గుండెపోటు వచ్చినా, అతనే నీళ్లలో పడినా, "మేం ఎక్కడున్నామో మాకు తెలియదు" అని కోస్ట్‌గార్డ్‌కు చెప్తే వాళ్లు సముద్రమంతా వెతకాలి. మునిగే మనిషికి అంత టైం ఉండదు.

ఇంజిన్ ఆగినప్పుడు

ఇంజిన్ ఆగగానే బాగుచేసే పని డ్రైవర్‌ది. మిగతావాళ్లంతా అతని చుట్టూ మూగుతారు, అంకెలు చూసేవాడు ఉండడు. ఒకరు జీపీఎస్ దగ్గరే నిలబడాలి. లోతు అందితే లంగరు వేయాలి, అందకపోతే వలకు బరువు కట్టి ముందు నుంచి దించినా బోటు కొట్టుకుపోవడం తగ్గుతుంది. గంటలో బాగవకపోతే పక్క బోట్లకు చెప్పండి. "తెల్లారనిద్దాం" అనొద్దు. రాత్రంతా లైట్లు వెలిగించి బ్యాటరీ అయిపోయాక తెల్లారి వైర్‌లెస్ పనిచేయదు. అప్పుడు మీరు మాట లేని, దారి తెలియని బోటు మీద ఉంటారు.

ఆపదలో ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు కబురు పంపే డాట్ పరికరం ఉంటే దాని ఆపద బటన్ ఎక్కడుందో ఎక్కిన రోజే చూసుకోండి. కొత్త రకం డాట్‌లో మీ కబురు ఒడ్డుకు అందిందని తిరుగు సమాధానం వస్తుంది. అది వచ్చాక పరికరం ఆపేయొద్దు.

ఇక మిగతావి వరసగా చెప్తున్నాను, వినండి.

రాత్రి ఒంటేలుకు బోటు చివర అంచు మీద నిలబడొద్దు. డబ్బా వాడండి. ఇలా జారిపడ్డవాడు లేడని తెల్లారాకే తెలుస్తుంది, అప్పటికి బోటు ఎన్ని మైళ్లు వచ్చిందో లెక్కించేవాడు లేడు.

చేపలు కుళ్లిన ఐస్ గదిలోకి గబుక్కున దిగొద్దు. మూత తీసి గాలి ఆడనివ్వండి. కుళ్లిన చేపల నుంచి వచ్చే విషవాయువు ఊపిరి ఆపేస్తుంది. పడిపోయినవాడి కోసం వెనకే దిగినవాడు కూడా పడిపోతాడు. తాడు కట్టకుండా ఎవరూ దిగొద్దు.

వల తాడు లాగే వించ్ తిరుగుతుంటే తాడు దాటొద్దు. వదులు చొక్కా వద్దు, మెడలో తాడు వద్దు.

మూసిన గదిలో వంట చేసి అక్కడే పడుకోవద్దు.

ఒక్కడి ఫోన్‌లోనే నంబర్లన్నీ పెట్టొద్దు. కోస్ట్‌గార్డ్ 1554, మెరైన్ పోలీస్ 1093 అందరికీ నోటికి రావాలి. ఒడ్డు దగ్గర సిగ్నల్ ఉన్నప్పుడే ఫోన్ పనిచేస్తుంది. లోపల వైర్‌లెస్సే దిక్కు.

తాగే నీళ్లు తండేలు లెక్క మీద వదలొద్దు. మీరే చూసుకోండి.

వేరే బోటు వాళ్లు "ఇటు రండి, చేపలున్నాయి" అంటే అంకెలు చూడకుండా వెనకే పోవద్దు. వాళ్లకూ తెలియకపోవచ్చు.

పొగమంచులో వల వేయొద్దు.

తండేలు తాగితే అంకెలు మీరు చదవండి. తండేలు కొడతానన్నా చదవండి.

ఎంత అలసిపోయినా అందరూ ఒకేసారి పడుకోవద్దు. ఒక్క రాత్రి కూడా వద్దు. అందరూ ఒకేసారి పడుకోవద్దు.

పరాయి దేశం దళం ఎదురైతే పారిపోవద్దు. 2021 నవంబరులో గుజరాత్ తీరానికి దగ్గర్లో పాకిస్తాన్ దళం కాల్పుల్లో మహారాష్ట్ర జాలరి ఒకడు బోటు మీదే చనిపోయాడు. ఇంజిన్ ఆపండి. చేతులు కనపడనివ్వండి. నీళ్లలోకి దూకొద్దు. కార్డులు పారేయొద్దు. ఆ ఒక్క నిమిషం దొరికినా 16లో అంకెలు చెప్పండి, అవి మన వైపువి అయితే ముందుముందు అవే మీకు ఆధారం.

జైల్లో అడిగితే ఊరు, మండలం, జిల్లా, తండ్రి పేరు ఒకేలా చెప్పండి. వేరే పేరు చెప్పొద్దు. భారత, పాకిస్తాన్ ప్రభుత్వాలు ఏటా జనవరి 1న, జూలై 1న తమ దగ్గరున్న ఖైదీల, జాలర్ల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. మీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఆ జాబితాలో ఉండాలి.

ఇంట్లో ఉన్న అమ్మలకూ అక్కచెల్లెళ్లకూ: బోటు తిరిగి రావాల్సిన రోజు దాటితే మొదట సేఠ్‌కు ఫోన్ చేయండి, ఆ రోజే మండల మత్స్యశాఖ అధికారికి కూడా చెప్పండి, కాగితం మీద రాసి ఇవ్వండి. "వస్తాడులే, రెండు రోజులు చూద్దాం" అని సేఠ్ అంటే ఆగొద్దు. బోటు నంబర్ ఉన్న ఫోటో వెంట తీసుకెళ్లండి. అబ్బాయి ఆ ఫోటో ఇంకా పంపకపోతే ఈ రాత్రే ఫోన్ చేసి అడగండి.