దుబాయ్ వేసవిలో ముందు నీడ చూసుకోండి

దుబాయ్‌కి కొత్తగా వచ్చినవాళ్లకి సిమ్, బ్యాంకు ఖాతా, గది సంగతులు పక్క గదివాళ్లు చెబుతారు. నేను చెప్పేది నీడ గురించి. మొన్న జూన్‌లో కొత్తగా వచ్చిన కుర్రాడొకడు ఫోను చూపించిన దగ్గరి దారినే మెట్రో నుంచి నడిచొచ్చి మా మెట్ల మీద కూలబడ్డాడు. "42 డిగ్రీలే కదన్నా, మనకి అలవాటేగా" అంటాడు!

ఆ 42 నీడలో కొలిచింది, తమ్ముళ్లూ. థర్మామీటరుకి ఎండ తగలనివ్వకుండా గాలి వేడిని మాత్రమే కొలుస్తారు. మీకు పైనుంచి ఎండ, కిందనుంచి కాలిన తారు, పక్కనుంచి గోడల సెగ కూడా తగులుతాయి. అద్దాల భవనమైతే ఎండని తిప్పి మీ మీదికే కొడుతుంది. నా మొదటి వేసవంతా సాయంత్రమయ్యేసరికి తలపోటే. ఇది చెప్పినవాళ్లు లేరు.

దగ్గరి దారి వద్దు, నీడ దారి పట్టండి. ఉత్తర దక్షిణాల వీధిలో పొద్దున తూర్పు పక్కన, సాయంత్రం పడమటి పక్కన నడవండి. మిట్టమధ్యాహ్నం ఆ లెక్క పనిచేయదు. జూన్‌లో సూర్యుడు ఇక్కడ దాదాపు నడినెత్తికి వస్తాడు, 10 మీటర్ల గోడకి మూరెడు నీడ కూడా పడదు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని చట్టమే ఉంది. సైటు పనివాళ్లకి అది హక్కు. మీది ఆఫీసు పనైనా ఆ వేళ బయట తిరగకండి.

సిగ్నలు దగ్గర పాతవాళ్లని గమనించండి. జీబ్రా గీతల దాకా రారు, వెనక భవనం నీడలోనే ఆగి, పచ్చ పడ్డాకే కదులుతారు. దుబాయ్ పాతపేట అల్ ఫహీదీ సందుల్లో జనం నింపాదిగా నిలబడి మాట్లాడుకుంటారు, ఎందుకంటే ఇరుకు దారికి రెండు పక్కలా ఎత్తు గోడలే. వెడల్పాటి రోడ్ల మీద అలా ఎవరూ ఆగరు. పొద్దుగూకాక కూడా పడమటి ఎండకి కాగిన గోడ పక్కన కూర్చోకండి, సెగ ఇంకా వస్తూనే ఉంటుంది. ఆగస్టు ఉక్కపోతలో నీడలోనూ చెమట ఆరదు, అప్పుడు ఏసీ బస్‌స్టాపే గతి.

సరే, మరీ బెంగపడకండి. వారం రెండు వారాల్లో ఒళ్లు కొంత అలవాటు పడుతుంది. డిసెంబరుకి మిట్టమధ్యాహ్నమే భవనం తన ఎత్తుని మించిన నీడనిస్తుంది, హాయిగా నడవొచ్చు. గది మాట్లాడుకునే ముందు మాత్రం సాయంత్రం నాలుగింటికి మెట్రో దాకా ఆ దారి ఒకసారి చూసుకుని, తర్వాతే అడ్వాన్సు ఇవ్వండి.