బీథోవెన్ ట్యూన్‌ని క్యూబా నడకలో వాయించడం ఎలా?

కర్నూలు, అనంతపురం, కడప వైపు రిసెప్షన్లకు వాయించే ఆర్కెస్ట్రా వాళ్లు, ఆదివారం చర్చిలో కీబోర్డ్ పట్టుకునే పిల్లలు, కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్నవాళ్లు, బ్యాండు మేళంలో క్లారినెట్ ఊదేవాళ్లు, వీళ్లలో ఎవరికైనా యూరప్ క్లాసికల్ ట్యూన్ ఒకటి తీసుకుని లాటిన్ జాజ్ (క్యూబా లాంటి చోట్ల తాళాల మీద నడిచే జాజ్) పద్ధతిలో, జనం కాలు కదిపేలా వాయించాలని ఉంటే ఇది మీకోసమే రాశాను. నోటేషన్ చదవడం రాకపోయినా పర్లేదు, స్వరాలు తెలిసి, చేత్తో తాళం వేయగలిగితే చాలు.

ముందు ఏం చేయకూడదో చెప్తా. కీబోర్డ్‌లో రుంబానో బోసానోవానో స్టైల్ ఆన్ చేసి, పైన మోజార్ట్ వాయించేసి ఫ్యూజన్ అంటారు చూడండి, అది వద్దు. కింద తాళం దాని పాటికది పోతుంటుంది, పైన ట్యూన్ దాని పాటికది పోతుంటుంది, రెండూ ఎక్కడా కలవవు. వినేవాళ్లకు కారణం తెలియకపోవచ్చు గానీ కాలు మాత్రం కదలదు. ట్యూన్‌లోని స్వరాలే లాటిన్ తాళం మీదికి వచ్చి కూర్చోవాలి, అసలు పనంతా అదే.

క్యూబా సంగీతానికి ఆధారం క్లావే. గట్టి కర్ర ముక్కలు రెండు, ఒకదానితో ఒకటి కొట్టే ఐదు దెబ్బలు, ఇవి ఆగకుండా తిరుగుతుంటాయి. ఒక ఆవర్తంలో 16 గడులు అనుకుంటే సోన్ క్లావే దెబ్బలు 1, 4, 7, 11, 13 గడుల్లో పడతాయి. పాశ్చాత్య పద్ధతిలో నేర్చుకునేవాళ్లకు దీన్ని లెక్కపెట్టడం పెద్ద టెన్షన్, మనకు మాత్రం అంత కష్టం లేదు, నోటితో ఇలా అనండి:

తకిట తకిట తకధిమి తక తకధిమి

మూడు, మూడు, నాలుగు, రెండు, నాలుగు, మొత్తం 16. ప్రతి ముక్క మొదటి అక్షరం మీద కర్ర కొడితే అదే సోన్ క్లావే. రుంబా క్లావే కావాలంటే రెండో, మూడో ముక్కల్ని తారుమారు చేయండి, తకిట తకధిమి తకిట తక తకధిమి అవుతుంది. కర్రల కోసం ఆన్‌లైన్‌లో వెతకాల్సిన పనిలేదు, కోలాటం కోలలు చక్కగా పనికొస్తాయి. చెక్క భజన చెక్కలకు మువ్వలు ఉంటాయి కాబట్టి వాటితో దెబ్బ శుభ్రంగా తెగదు. ఒక కోలను గుప్పిట బిగించకుండా వేళ్ల మీద తేలిగ్గా ఆనించి, అరచేయి కింద ఖాళీ ఉంచి, రెండో దానితో నడుమ కొట్టండి, ఖంగుమంటుంది. మెట్రోనోమ్ 60లో పెట్టి నాలుగు గడులకు ఒక టిక్ వచ్చేలా చూసుకుని, నోటితో అనకుండానే చేయి తప్పక కొట్టేదాకా దీన్నే సాధన చేయండి. విసుగు పుడుతుంది, అయినా ఇది వదిలేసి ముందుకెళ్తే మిగతాదంతా వృథా.

ఇప్పుడు ట్యూన్. మొదటిసారికి బీథోవెన్ తొమ్మిదో సింఫనీ (1824) చివర్లో వచ్చే ఓడ్ టు జాయ్ తీసుకోండి. అసలు శ్రుతి డి మేజర్, అంటే మన లెక్కలో రెండు శ్రుతి, వయొలిన్ వాళ్లకు కూడా హాయిగా ఉంటుంది. మొదటి పాదం గ గ మ ప, ప మ గ రి. ఒక్కో స్వరానికి రెండు గడులు ఇస్తే అవి 1, 3, 5, 7, 9, 11, 13, 15లో పడతాయి. క్లావే దెబ్బలతో పోల్చి చూడండి. 1, 7, 11, 13 ముందే కలిసిపోయాయి! కలవనిది 4 ఒక్కటే, అక్కడ స్వరమే లేదు. కాబట్టి 5లో ఉన్న మ ని ఒక గడి ముందుకు, 4లోకి లాగండి, అంతే. మిగతా స్వరాలను ముట్టుకోకండి. రెండో పాదం స స రి గ, గ రి రి. ఇక్కడ గ కు మూడు గడులు, తర్వాతి రి కి ఒకటే గడి, చివరి రి నిలుస్తుంది, అంటే 1, 3, 5, 7, 9, 12, 13. మొదటి రి ని 5 నుంచి 4కి, రెండో రి ని 12 నుంచి 11కి జరిపితే ఐదు దెబ్బలూ ట్యూన్‌లోనే వినిపిస్తాయి. కోలలు కొడుతూ పాడి చూడండి, బీథోవెన్ ఎక్కడా చెడిపోడు, ఊపు మాత్రం వచ్చేస్తుంది.

ఈ ట్యూన్‌లో నాకు బాగా నచ్చే విషయం ఇంకోటుంది. చివరి పాదం మొదలయ్యే గ ని బీథోవెన్ స్వయంగా ఒక బీట్ (ఇక్కడ రెండు గడులు) ముందే ఎత్తుకున్నాడు, అంటే ముందు ఆవర్తం 15వ గడిలో. మన వాళ్లు అతీతం అనేది ఇదే. చాలామంది కీబోర్డ్ టీచర్లు పిల్లలకు కష్టమని దాన్ని సరిచేసి చెప్తారు. మీరు సరిచేయకండి, లాటిన్ బేస్ (కింది స్థాయిలో మోగే స్వరాలు) కూడా సరిగ్గా ఆ గడిలోనే పడుతుంది.

బేస్ సంగతి చూద్దాం. తకిట తకిట తక అని ఎనిమిది గడులు అనుకుని, మొదటి త ని మింగేయండి. మిగిలిన రెండు దెబ్బలు, 4, 7, అవే బేస్. రెండో సగంలో 12, 15. తాళం మొదట్లో బేస్ ఉండదు, అలవాటయ్యేదాకా కాళ్ల కింద నేల లేనట్టు అనిపిస్తుంది. 7లో, 15లో వాయించే స్వరం ఇప్పటి కార్డ్‌ది (కలిపి వాయించే స్వరాల గుంపుది) కాదు, రాబోయే కార్డ్‌ది. కార్డ్స్ మొదటి సగం డి, రెండో సగం ఏ7 పెట్టుకుంటే చాలు. జాజ్ రుచి కావాలంటే డి మేజర్ 7, తర్వాత ఈ మైనర్ 7, ఏ7. అంతకు మించి రంగులు పులమకండి, ట్యూన్ గుర్తుపట్టలేకపోతే జనానికి ఆసక్తి పోతుంది.

పియానో వాయించేది మోంతూనో, అంటే ఆగకుండా తిరిగి తిరిగి వచ్చే ముక్క. మన ట్యూన్‌లో క్లావే మూడు దెబ్బల వైపుతో మొదలైంది (మొదటి 8 గడుల్లో మూడు దెబ్బలు, తర్వాతి 8లో రెండు) కాబట్టి మొదటి సగంలో 2, 4, 6, 8, రెండో సగంలో 9, 11, 12, 14, 16. కింది స, పై స కలిపి ఒక దెబ్బ, మధ్యలో గ ప కలిపి ఒక దెబ్బ, ఇలా మార్చి మార్చి వాయించండి, కార్డ్ మారినప్పుడు స్వరాలూ మార్చండి. సస్టెయిన్ పెడల్ మీద కాలు పెట్టొద్దు. క్లాసికల్ నేర్చుకున్నవాళ్లకు పెడల్ ఒక జబ్బు, ఇక్కడ అది తాళాన్నంతా ముద్ద చేసేస్తుంది.

కాంగా డ్రమ్స్ (చేతులతో వాయించే పొడవాటి క్యూబా డ్రమ్స్) ఉంటే ప్రతి ఎనిమిది గడుల్లో 3 మీద చరుపు, 7, 8 మీద రెండు తెరిచిన దెబ్బలు, మిగతావి మెత్తగా. కాంగా లేకపోతే రిథమ్ ప్యాడ్, అదీ లేకపోతే డోలక్. తప్పెట వాయించే పెద్దాయన దొరికితే ఇంకా మంచిది, కాకపోతే "చిన్నాయనా, సన్నపుల్లతోనే కొట్టు, 7, 8 మీద మాత్రం గట్టిగా వదులు" అని ముందే చెప్పుకోండి, లేదంటే వయొలిన్ అస్సలు వినపడదు.

ఆ 7, 8 గుర్తుంచుకుని మోజార్ట్ 40వ సింఫనీ (1788) మొదలు పాడండి. ధప ప, ధప ప, ధప ప గ. ఆ మొదటి ధప పడేది తాళానికి ముందు 7, 8 గడుల్లో, అంటే కాంగా తెరిచిన దెబ్బల మీదే. రెండో ధప 3, 4లో, చరుపు మీద ఒకటి, బేస్ మీద ఒకటి. ఈ ఎత్తుగడలో ఒక్క స్వరం కూడా జరపక్కర్లేదు, చా చా చా వేగంలో, నిమిషానికి 120 బీట్ల దగ్గర పెట్టి వాయించేయొచ్చు. బీథోవెన్ పియానో ముక్క ఫర్ ఎలీజ్ మాత్రం ఇప్పుడే ముట్టుకోవద్దు. అది 3/8, అంటే మూడేసి లెక్కన నడుస్తుంది, దానికి ఆఫ్రో క్యూబన్ 6/8 నడక కావాలి, ఆ లెక్క వేరు.

చాలా బృందాలు పడిపోయే చోటు ఒకటుంది. క్లాసికల్ రచనల్లో వాక్యాలు అన్నిసార్లూ సరిసంఖ్య బార్లలో (ఒక బార్ అంటే మన లెక్కలో 8 గడులు, సగం ఆవర్తం) ఉండవు, ఒక్కోసారి మధ్యలో ఒక్క బార్ ఎక్కువ వస్తుంది. అప్పుడు క్లావే మూడు దెబ్బల వైపు, రెండు దెబ్బల వైపు తారుమారవుతాయి, దీన్ని క్యూబా వాళ్లు అస్సలు సహించరు. మొదలెట్టాక క్లావే ఆగకూడదు, తిరగబడకూడదు. ట్యూనే సర్దుకోవాలి, అందుకు ఒక బార్ కలపండి, లేదా చివరి స్వరాన్ని ఇంకాస్త సాగదీయండి.

మొత్తం పాటను ఎలా అమర్చాలి అంటే, ఇది కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. యూరప్ నుంచి వెళ్లిన కాంట్రాడాన్సా అనే డ్యాన్స్ సంగీతం క్యూబాలో మారుతూ మారుతూ దాన్సోన్ అయింది. 1879లో మతాన్సాస్ ఊళ్లో మిగెల్ ఫైల్దే వాయించినదాన్ని మొదటి దాన్సోన్‌గా చెప్తారు. తర్వాతి రోజుల్లో దాన్సోన్ బృందాల్లో ఫ్లూట్, వయొలిన్లు, పియానో, పక్కన తాళ వాద్యాలు ఉండేవి, యూరప్ ఒపెరా ట్యూన్లు కూడా అందులోకి వచ్చేవి. అంతకుముందే 1875లో పారిస్‌లో ఫ్రెంచ్ స్వరకర్త బిజే తన కార్మెన్ ఒపెరాలో హబనేరా అనే క్యూబా డ్యాన్స్ నడక పెట్టాడు, దాని బేస్ మన తకిట తకిట తకే, 5వ గడిలో ఒక దెబ్బ అదనం. 1932లో అమెరికా స్వరకర్త గెర్ష్విన్ క్యూబన్ ఓవర్చర్ రాసి బోంగో, క్లావే, మరకాస్ వాయించేవాళ్లను ఆర్కెస్ట్రా ముందు నిలబెట్టమన్నాడు. కాబట్టి క్లాసికల్‌ని పాడుచేస్తున్నారని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

దాన్సోన్ పద్ధతే మీరూ పట్టుకోండి. మొదట ట్యూన్ నెమ్మదిగా, మర్యాదగా, కోలలు తప్ప ఇంకేమీ లేకుండా. రెండోసారి బేస్, కాంగా. చివర్లో రెండే కార్డ్‌ల మీద మోంతూనో తెరిచేసి ఒక్కొక్కరూ సోలో వాయించుకోవాలి, డ్యాన్స్ చేసేవాళ్లు లేచేది అక్కడే. కర్ణాటక వయొలిన్ వాళ్లు ట్యూన్ దగ్గర గమకం పూర్తిగా ఆపి స్వరాన్ని నిటారుగా వాయించాలి, సోలోలో శంకరాభరణం ఎంతైనా వాయించుకోవచ్చు. గట్టిగా, మెత్తగా అనే తేడా క్లాసికల్ సొత్తు, దాన్ని మాత్రం చివరిదాకా వదలకండి, కాంగా కూడా మెల్లగా వాయించగలగాలి.

క్లాసికల్ వైపు నుంచి ట్యూన్ ఒక్కటే కాదు, గొంతు మీద గొంతు వేసే పద్ధతి కూడా తెచ్చుకోవాలి. అర్జెంటీనా టాంగో స్వరకర్త పియాజోలా 1954లో పారిస్‌లో సంగీత గురువు నదియా బూలాంజే దగ్గర చదువుకున్నాడు, ఆ తర్వాత టాంగోలోకి ఫ్యూగ్‌నే (ఒకే ట్యూన్‌ని గొంతులు ఒకదాని వెనక ఒకటి ఎత్తుకునే రచననే) తీసుకొచ్చాడు. మనం అంత దూరం పోనక్కర్లేదు. క్లారినెట్ ఓడ్ టు జాయ్ మొదలుపెట్టిన ఒక ఆవర్తం తర్వాత వయొలిన్ అదే ట్యూన్ మొదటి నుంచి ఎత్తుకోవాలి. గ గ మ ప కింద స స రి గ చక్కగా జతకూడుతుంది. 13వ గడిలో గ, రి రాసుకుంటాయి, జాజ్ చెవికి ఆ రాపిడి ఇష్టమే. మొదటి రెండు వరుసల వరకే ఇది, తర్వాత ఇద్దరూ ఒక్కటైపోవాలి.

ముగింపుకి మనదే ఒకటి వాడండి. సోలోలన్నీ అయ్యాక ఒక ఆవర్తం 2వ గడి నుంచి తదిగిణతోం మూడుసార్లు, మొత్తం 15 గడులు, అందరూ కలిసి. తర్వాత వచ్చే 1 మీద ఒకే దెబ్బ, వెంటనే కాంగా మీద అరచేయి వేసి మోత ఆపేయాలి, కీబోర్డ్ వాళ్లు చేయి తీసేయాలి. రిహార్సల్లో ఈ ఒక్క ముక్కనే ఫోన్లో రికార్డ్ చేసుకుని వినండి, ఆ 1 మీద ఎవరు ముందు పడుతున్నారో, ఎవరు వెనకబడుతున్నారో దొరికిపోతారు.