ఫొటోగ్రాఫర్ మళ్లీ పిలవాలంటే

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లో మా స్టూడియో. నాన్న ఉన్నప్పుడు పాస్‌పోర్టు ఫొటోలు, పెళ్లిళ్లు. నా చేతికొచ్చాక బట్టల షాపుల కేటలాగులు కూడా తీస్తున్నాను. అందుకని మోడలింగ్ చెయ్యాలనుకునే పిల్లలు రాజాం నుంచి, చీపురుపల్లి నుంచి, ఆమదాలవలస నుంచి వాట్సాప్‌లో ఫొటోలు పంపుతుంటారు. చాలామందిని పిలవలేకపోతున్నాను. వాళ్లు బాగోక కాదు, ఆ ఫొటోల్లో వాళ్లు నాకు కనపడక.

కాబట్టి ముందు ఫిల్టర్ తీసెయ్యండి. ఓసారి ఒకమ్మాయి పంపిన ఫొటోలు చూసి చీరల షాపు ఆయనకి చూపించాను, ఒప్పుకున్నారు. షూట్ రోజున పిల్ల వచ్చి నిలబడితే ఆయన నా వైపు తిరిగి "ఏటమ్మా, ఈ అమ్మాయేనా ఆ అమ్మాయి?" అన్నారు, ఆమె వింటుండగానే. చక్కని చామనఛాయ పిల్ల. ఆ ఫొటోల్లో పాలిపోయినట్టు తెల్లగా ఉంది. ఆమె ముఖం వాడిపోవడం నాకింకా గుర్తే. పక్కనుంచి వెలుగు పడితే చామనఛాయ మీద బుగ్గ ఎముక, మెడ వంపు ఎంత అందంగా తేలుతాయో తీసేవాళ్లకి తెలుసు. దాన్ని చెరిపేసి పంపితే మేం ఏం చూసి పిలవాలి?

మాకు కావలసినవి ఐదు ఫొటోలు: ఎదురుగా ముఖం, పక్కనుంచి ముఖం, కాస్త తిరిగి నడుం వరకు, నిలువెత్తు ముందు నుంచి, నిలువెత్తు వెనక నుంచి. పొద్దున్న ఎనిమిది, తొమ్మిది గంటలకి ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, ఖాళీ గోడ ముందు నిలబడండి. మేకప్ వద్దు. జుట్టు వెనక్కి కట్టండి. ఒంటికి సరిపోయే సాదా టీషర్టు చాలు. సెల్ఫీ మాత్రం తీసుకోకండి. ఫోను దగ్గరగా ఉంటే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. చెల్లినో తమ్ముణ్నో ఆరడుగుల దూరంలో నిలబెట్టి, వెనక కెమెరాతో తీయించండి. నిలువెత్తు ఫొటోకి ఫోను నడుం ఎత్తులో పట్టుకోమనండి. కంటి ఎత్తు నుంచి తీస్తే కాళ్లు పొట్టిగా వస్తాయి. పంపేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే ఫొటో నాణ్యత తగ్గిపోతుంది.

కింద ఒక్క మెసేజ్: పేరు, వయసు, ఊరు, ఎత్తు సెంటీమీటర్లలో, ఛాతీ, నడుం, తుంటి కొలతలు, చెప్పు సైజు. ఎత్తు ఉన్నదే రాయండి, రెండంగుళాలు కలిపితే జాకెట్టూ ప్యాంటూ అక్కడికక్కడే చెప్పేస్తాయి. గరివిడి నుంచి ఒక డిగ్రీ కుర్రాడు ఇవన్నీ రాసి, "ఎడమ కనుబొమ మీద కుట్ల మచ్చ ఉంది మేడమ్" అని కూడా రాశాడు. ఫొటోలో అది కనిపించనైనా లేదు. ఆ వారమే పిలిచాను.

మొదట్లో టిఎఫ్‌పి (టైమ్ ఫర్ ప్రింట్స్) అంటారు, అలా చెయ్యండి. ఎవరూ ఎవరికీ డబ్బివ్వరు. మీరు నిలబడతారు, మేం తీస్తాం, ఫొటోలు ఇద్దరం వాడుకుంటాం. ఎన్ని ఫొటోలిస్తారు, ఎప్పుడిస్తారు, ఎక్కడెక్కడ వాడతారు అన్నది ముందే రాయించుకోండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు తీయించుకున్నవారిదే. టిఎఫ్‌పిలో సాధారణంగా అది ఫొటోగ్రాఫర్ దగ్గరే ఉంటుంది. అందుకే ఆ కాగితం. పద్దెనిమిది నిండనివాళ్లకి అమ్మానాన్నల సంతకం ఉండాలి.

తోడు లేకుండా రావద్దు. అమ్మనో అన్ననో స్నేహితురాలినో తెచ్చుకోండి. తోడు వద్దన్న ఫొటోగ్రాఫర్ దగ్గరికి, ఛాన్స్ ఇప్పిస్తానని ముందే డబ్బడిగినవాళ్ల దగ్గరికి అసలు వెళ్లకండి. మంచిగా పనిచేసే ఏ ఫొటోగ్రాఫరూ మీ తోడుని చూసి విసుక్కోరు. నేనైతే వాళ్ల చేతికి రిఫ్లెక్టర్, అంటే వెలుగుని మీ మీదికి తిప్పే పలక, ఇస్తాను.

షూట్ రోజున బిగుతు సాక్సులు, నడుం ఎలాస్టిక్ ఉన్నవి వేసుకుని రాకండి. ఆ గీతలు ఒంటి మీంచి పోవడానికి చాలాసేపు పడుతుంది. గోళ్లు శుభ్రంగా ఉండాలి. పిన్నీసులు తెచ్చుకోండి. చింతపల్లి బీచ్‌లో తీస్తుంటే మన వైపు సూర్యుడు తొందరగా వచ్చేస్తాడు, వేసవిలో ఐదున్నరకే కెమెరా పట్టుకోవాలి. శ్రీకాకుళం వైపు వాళ్లయితే ముందురోజు రాత్రే చేరుకోవాలి.

నిలబడటం అద్దం ముందు నేర్చుకోవచ్చు. బరువు వెనక కాలి మీద వెయ్యండి. గడ్డం పైకెత్తకుండా కాస్త ముందుకు తెచ్చి కొంచెం దించండి. తాబేలు మెడలా ఉందేమో అనిపిస్తుంది గానీ కెమెరాలో దవడ చక్కగా తేలుతుంది. చెయ్యి వెడల్పుగా కాకుండా చిటికెనవేలి వైపు నుంచి కనపడాలి. ఎండకి కళ్లు చిట్లించాల్సి వస్తుంటే మూసుకోండి, ఫొటోగ్రాఫర్ మూడు లెక్కపెట్టగానే తెరవండి. నాన్న రీలుకి 36 ఫొటోలే అని, మనిషి ఊపిరి వదిలేదాకా బటన్ నొక్కేవారు కాదు. ఊపిరి వదిలితే భుజాలు వాటంతటవే దిగుతాయి.

వీటన్నిటికంటే నాకు ముఖ్యం, ఏం అమ్ముతున్నామో తెలిసి రావడం. పొందూరు ఖద్దరు చీరలు తీసినప్పుడు ఎచ్చెర్ల వైపు నుంచి ఒక పిల్ల వచ్చింది. ముందురోజే పొందూరు వెళ్లి, వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రం చేస్తుంటే దగ్గర కూర్చుని చూసిందట. షూట్‌లో నిలబడగానే "మేడమ్, అంచు కనపడాలా, నేత కనపడాలా?" అని అడిగింది. నేత అన్నాను. చెప్పకుండానే కిటికీకి పక్కగా తిరిగింది, వెలుగు గుడ్డ మీద ఏటవాలుగా పడి పోగు పోగూ కనిపించింది. కొత్త ఖద్దరు ఒంటిని అంటుకోదు, గాలి పోసుకుని ఉబ్బుతుంది. కుచ్చిళ్లు తనే రెండుసార్లు అదుముకుంది. ఆ రోజు అనుకున్న దానికంటే గంట ముందే పని ముగిసింది. ఆ పిల్లని మూడుసార్లు పిలిచాను.

ఫొటోలు చేతికొచ్చాక వాటి మీద మళ్లీ ఫిల్టర్ వెయ్యకండి, తీసినవాళ్ల పేరు పెట్టండి. షాపు వాళ్లు విడుదల చెయ్యకముందే స్టేటస్‌లో పెట్టొద్దు. తర్వాత జుట్టు కత్తిరించుకున్నా, బరువు మారినా అదే కిటికీ పక్కన నిలబడి కొత్తగా ఐదు ఫొటోలు తీసి పంపండి. పాతవి తీసేసి ఇవి పెట్టుకుంటాను.