లింగి ఎప్పుడు లుంగీ అవుతుంది? ఉర్దూ కాగితం చదివేవాళ్లకు సమస్యలు - పరిష్కారాలు

పాలమూరు, నల్లగొండ వైపు పాత ఇళ్లలో ట్రంకు పెట్టె తెరిస్తే అడుగున ఉర్దూ కాగితం ఒకటైనా దొరుకుతుంది. ఏ భూమి ఎవరి సాగులో ఉందో రాసే పహాణీ నకలో, రసీదో, దస్తావేజో. నిజాం కాలంలో కచేరీ భాష ఉర్దూ. 1954-55 నాటి ఖాస్రా పహాణీ కూడా చాలాచోట్ల ఆ రాతలోనే ఉంటుంది. విరాసత్, అంటే వారసుల పేరు మీదికి భూమి మార్చే మాట రాగానే ఆ కాగితం బయటికొస్తుంది, దాంతోపాటే టెన్షన్. పుస్తకం కొని అక్షరాలు నేర్చుకున్నవాళ్లకు కూడా అది ఊరికే లొంగదు.

సమస్య: తాతమ్మ లింగి పేరు ఉండాల్సిన చోట లుంగీ అని ఉంది

కారణం: ఉర్దూలో పొట్టి అచ్చులు రాయరు. మన గుడి, కొమ్ముల్లాంటి జేర్, పేష్ గుర్తులు ఉన్నాయి గానీ, పిల్లల వాచకం దాటాక వాటిని పట్టించుకునేవాళ్లు తక్కువ. కాగితం మీద కనిపించేది ల, న, గ, చివర ఒక ఈ. అది లింగి అయినా అదే, లుంగీ అయినా అదే. ఈ లెక్కన బుచ్చిరెడ్డి బచ్చీరెడ్డి అయి ఆడపిల్లల్లో కలుస్తాడు. పుల్లయ్య పులియా అయి రోడ్డు కింద కల్వర్టుగా మారతాడు. వావ్ అనే ఒక్క అక్షరం వ, ఊ, ఓ, ఔ అన్నిటికీ పనిచేస్తుంది కాబట్టి కోదాడను కూదాడ అని చదివినా తప్పు పట్టలేం. ఇక మన ళ, ణ లకు అక్కడ చోటే లేదు.

పరిష్కారం: పేరు దగ్గర మొదలుపెట్టకండి. ప్రతి కాగితంలో వచ్చే మాటలు ముందు పట్టుకోండి: మౌజా అంటే ఊరు, వల్ద్ అంటే ఫలానావారి కొడుకు, జౌజా అంటే భార్య, సాకిన్ అంటే ఫలానా చోట ఉండేవారు. వీటి మధ్యలో మిగిలిందే పేరు. ‘లుంగీ జౌజా మల్లయ్య’ అని కనిపిస్తే, ఆ లుంగీకి మొగుడున్నాడు కాబట్టి అది లింగే. ఇంటి పెద్దలతో పాత పేర్ల జాబితా ఒకటి రాయించుకుని పక్కన పెట్టుకుంటే సగం పని అయిపోతుంది. ఏముందో ముందే తెలిస్తేనే ఉర్దూ చదవొచ్చని నవ్వుతారు గానీ, నిజంగా పని జరిగేది అట్లాగే.

సమస్య: దువా అనుకున్నది దగా అయింది

కారణం: చుక్క. ప్రార్థన అనే అర్థమున్న దువాకూ, మోసం అనే దగాకూ తేడా ఒక్క చుక్కే. ఆప్తుడైన మహ్రమ్‌కు ఒక చుక్క తగిలితే ముజ్రిమ్, అంటే నేరస్థుడు. పాత కాగితం మీద ఈగలు, చెదలు, చాయ్ కూడా తమ వంతు చుక్కలు పెట్టి ఉంటాయి. ఇక తొందరగా రాసేవాళ్లు రెండు చుక్కలను చిన్న గీత చేస్తారు, లేదా అసలు పెట్టరు.

పరిష్కారం: ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. ఏటవాలుగా చెక్కిన కలంతో పెట్టిన చుక్క నాలుగు మూలలతో డైమండ్‌లా ఉంటుంది, ఈగ పెట్టింది గుండ్రంగా ఉంటుంది. ఫొటో బ్లాక్ అండ్ వైట్‌లో తీయొద్దు. సిరా రంగు, మరక రంగు తేడా తెలియకుండా పోతుంది.

సమస్య: 15 గుంటల భూమి 10 గుంటలకు తగ్గింది

కారణం: ఉర్దూ అయిదు మన సున్నాలా కనిపిస్తుంది. అసలు సున్నా ఒక చుక్క, దాని సంగతి పైన చెప్పిన ఈగకే తెలియాలి. రెండుకూ మూడుకూ ఒక్క పన్ను తేడా. ఏడు ఇంగ్లిష్ వి లాగా, ఎనిమిది దాన్ని బోర్లించినట్టు ఉంటాయి. అందుకే కాగితం తలకిందులుగా పట్టుకుంటే 77 సర్వే నంబరు 88 అవుతుంది. 78 మాత్రం ఎట్లా తిప్పినా 78 గానే ఉంటుంది, అదృష్టవంతుల భూమి.

పరిష్కారం: రాత కుడి నుంచి ఎడమకు సాగినా అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి చదవాలి. విస్తీర్ణం మీద అనుమానం వస్తే కింద మొత్తం వేసిన చోట కూడి చూడండి. 40 గుంటలకు ఎకరం.

సమస్య: కాగితం మీద సంవత్సరం 1358 అని ఉంది

రాచకొండ రాజులు ఇచ్చిన భూమి అని సంబరపడకండి. అది ఫస్లీ, అంటే నిజాం కాలంలో రెవెన్యూ లెక్కలకు వాడిన సంవత్సరం. 590 కలపండి, 1948-49 వస్తుంది.

సమస్య: ఒక్క అక్షరమూ అంతుపట్టడం లేదు

కారణం: షికస్తా. విడిగా ఉండాల్సిన అక్షరాలను కూడా కలిపేసే గొలుసు రాత ఇది. రోజూ ఉర్దూ పేపర్ చదివేవాళ్లు కూడా దీని దగ్గర తడబడతారు.

పరిష్కారం: ఉర్దూ మీడియంలో చదువుకున్న పెద్దాయన ఊళ్లో ఇంకా ఉంటే వెంటనే వెళ్లండి. ఇక్కడో చిక్కుంది. చదవమంటే ఆయన కథ చెబుతారు: ఆ పట్వారీ ఎట్లాంటివాడు, గెట్టు ఎవరు జరిపారు, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు. కాగితంలో ఉన్నదెంతో, తాత కలిపిందెంతో తేలదు. అందుకని ఒక్కో గడి మీద వేలు పెట్టి, ‘ఈడ ఏం రాసి ఉంది తాతా?’ అని అడిగి రాసుకోండి. కథ చాయ్ తాగేటప్పుడు వినొచ్చు. కోర్టులో పెట్టాలంటే మాత్రం అధికారికంగా అనువదించేవాళ్ల సంతకం కావాలి. అంతవరకు కాగితాన్ని లామినేషన్ చేయించొద్దు. వేడికి సిరా పాడైతే పెద్దాయన కూడా ఏమీ చేయలేరు.