వెదురు విల్లు: చెక్కడం తక్కువ, వంచి చూడడం ఎక్కువ

మొదటి విల్లుకు ఖరీదైన కలప వెతకనక్కర్లేదు. నల్లమల చెంచులు నమ్ముకున్నది వెదురునే. మూడేళ్లు దాటిన ముదురు బొంగులో మొదలు భాగం, గోడ మందం కనీసం అరంగుళం ఉన్నది తీసుకోండి. రెండంగుళాల వెడల్పు బద్ద చీల్చి నీడలో ఆరబెట్టాలి, ఎండలో పెడితే నెర్రెలు విచ్చుతుంది. వారానికోసారి తూచి, బరువు తగ్గడం ఆగాకే పని మొదలుపెట్టండి. పచ్చి బద్దతో చేసిన విల్లు నారి విప్పినా వంగే ఉండిపోతుంది.

నారిని 28 అంగుళాల దాకా లాగేవారికి విల్లు పొడవు 66–68 అంగుళాలు ఉండాలి. నడుమ 4 అంగుళాలు పిడికి వదిలేయండి. పిడికి అటూ ఇటూ ఉండే రెక్కల వెడల్పు సగం దాకా 1¾ అంగుళాలు, అక్కణ్ణుంచి కొనకు అరంగుళానికి సన్నబడాలి.

బయటి తొక్క మీద కత్తి పెట్టొద్దు. లాగినప్పుడు సాగే భారమంతా ఆ పొరదే, నారలు తెగితే విల్లు అక్కడే విరుగుతుంది. అంచులు మాత్రం గుండ్రంగా రుద్దండి, పేళ్లు లేచేది అక్కడినుంచే. మందం తీసేది లోపలి వైపే, ముందు చిత్రికతో, తర్వాత కత్తి అంచుతో గీకుతూ. గణుపుల దగ్గర కాస్త మందం ఉంచండి. మొదలు వైపు రెక్క సహజంగానే దళసరి కాబట్టి అక్కడ ఎక్కువ తీయాల్సి వస్తుంది. నారి కూర్చునే గాట్లు గుండ్రటి ఆకురాయితో పక్కల నుంచి ఏటవాలుగా పెట్టాలి.

ఇక అసలు పని. పిడిని గోడకున్న కొయ్యమీద నిలిపి, రెండు కొనలకూ పొడవాటి తాడు కట్టి, కప్పీతో కిందికి లాగుతూ దూరం నుంచి చూడండి. ముందు 5 అంగుళాలే. వంగని చోట పెన్సిలుతో గుర్తుపెట్టి అక్కడే గీకండి. ఎక్కువ వంగే చోటును అసలు ముట్టుకోవద్దు, దాని అటూ ఇటూ తగ్గించాలి. గీకిన ప్రతిసారీ 20–30 సార్లు లాగి వదలాలి, మార్పు వెంటనే కనబడదు. రెండు రెక్కలూ సమంగా వంగాకే మరో 2 అంగుళాలు. చాలా విళ్లు పాడయ్యేది ఈ తొందరలోనే: ఒకచోట మడతలా వంగితే లోపలి వైపు నలిగి సన్నటి ముడతలు పడతాయి, వాటికి మందు లేదు.

సగం దూరం వచ్చాక పొట్టి నారి ఎక్కించండి. పిడికీ నారికీ మధ్య 6 అంగుళాలు. నైలాన్ సాగుతుంది, డాక్రాన్ అనే పాలిస్టర్ దారం పోగులు 12–14 పేనితే మేలు. నారిని పూర్తిగా లాగడానికి పట్టే బరువును కొక్కెం త్రాసుతో కొలుస్తూ, అనుకున్నదానికి కిలో ఎక్కువ ఉండగానే గీకడం ఆపండి, గరుకు కాగితం ఆ మిగులు తినేస్తుంది. కొత్తవారికి 12 కిలోలు చాలు.

అవిసె నూనె పలచగా రెండు మూడు పూతలు పట్టించండి. బాణం పెట్టకుండా నారి వదలొద్దు, ఆ దెబ్బంతా రెక్కలకే తగులుతుంది.