ప్రాక్టీస్ నెట్‌ను దించడానికి వీలుగా కట్టుకోండి
శ్రీకాకుళం తీరప్రాంతంలో క్రికెట్ ప్రాక్టీస్ నెట్లు కొత్తగా కట్టేవారు, పాతవి బాగుచేయించేవారు వలను ఇనుప స్తంభాలకు నేరుగా బిగించకుండా, పైన లాగి కట్టిన తీగకు కొక్కేలతో వేలాడదీయడం మేలు. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం కబురు అందగానే దానిని పరదాలా ఒక పక్కకు లాగి, దించి, చుట్టి లోపల పెట్టుకోవచ్చు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు కొబ్బరిచెట్లే నిలవలేదు; అటువంటి గాలిలో బిగించి ఉన్న వల స్తంభాలను సైతం వంచగలదు.

వల అడుగు అంచు నేలను తాకుతూ ఉంటే తడికి, ఎలుకలకు ముందు దొరికేది అదే కాబట్టి, కింద మూరెడు ఎత్తున వేరే వలపట్టీ కుట్టించి, పాడైనప్పుడు దానినొక్కటే మార్చుకోండి. చిరుగులకు తీగ చుట్టవద్దు (చేతులు గీరుకుంటాయి); కళింగపట్నం వైపు వల అల్లే మత్స్యకారుల చేత, వలకన్ను 5 సెంటీమీటర్లు మించకుండా, నైలాన్ దారంతో ముడులు వేయించండి.