తరవాణి కుండను సబ్బుతో తోమకండి

వేసవి వచ్చిందంటే విశాఖ చినవాల్తేరులోని మా వంటగది మూల తరవాణి కుండ ఉండాల్సిందే. తరవాణి అంటే అన్నం నానబెట్టుకునే పులిసిన గంజి. పెట్టడం మా అత్తగారు నేర్పారు. ల్యాబ్ టెక్నీషియన్‌గా ఇరవై ఏళ్లు పనిచేశాను కాబట్టి, ఆవిడ చెప్పిన జాగ్రత్తల వెనక ఏముందో మెల్లగా అర్థమైంది.

మట్టికుండ తీసుకోండి, లోపల మెరుపు పూత ఉన్నది వద్దు. నాది పూర్ణా మార్కెట్ దగ్గర కొన్న మూడు లీటర్లది. కొత్త కుండను ఒక రోజంతా నానబెట్టి, ఎండలో ఆరబెట్టండి.

అసలు సంగతి తోడులో ఉంది. అన్నం వార్చిన గంజి రెండు గ్లాసులు గోరువెచ్చగా అయ్యాక కుండలో పోసి, కాచి చల్లార్చిన నీళ్లు నాలుగు గ్లాసులు కలపండి. తెలిసినవాళ్ల కుండలోంచి తెచ్చిన పుల్లటి తరవాణి ఒక గ్లాసు పోయండి. అది దొరక్కపోతే పుల్లమజ్జిగ. తోడు లేకుండా వట్టి గంజినే మూడు రోజులు వదిలేసేవాళ్లూ ఉన్నారు, నేను మాత్రం ఒప్పుకోను. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. తడి, వెచ్చదనం దొరికితే మళ్లీ లేస్తాయి. అది వదిలే విషాల్లో ఒకటి ఎంత మరిగించినా పోదు. అందుకే అది లేచేలోపు మనవాళ్లు కుండలో జాగా పట్టెయ్యాలి.

మనవాళ్లంటే లాక్టిక్ బాక్టీరియా. గంజిలో చక్కెరలను గబగబా తినేసి లాక్టిక్ ఆమ్లం వదులుతాయి. ఆ ఆమ్లం పక్క బాక్టీరియా కణంలోకి దూరి లోపలంతా పులిపేస్తుంది. ఆ పులుపును బయటికి తోడి పోసుకోవడానికే దాని శక్తి అయిపోతుంది, ఇక పెరిగేదెప్పుడు? మనవాటికి ఆ పులుపు అలవాటే.

కొన్ని రకాలు బాక్టీరియోసిన్లనే చిన్న ప్రొటీన్లు కూడా వదులుతాయి. వాటిలో చాలావరకు పక్కదాని పొరకు చిల్లులు పెడతాయి. ఆ దెబ్బ ఎక్కువగా పడేది దాయాదుల మీదే, ఒకే తిండికి పోటీకొచ్చేది వాళ్లే కదా! వదిలిన బాక్టీరియా మాత్రం విరుగుడు ప్రొటీన్‌ను తన దగ్గర ఉంచుకుంటుంది. చీజ్ చెడకుండా వాడే నైసిన్ ఈ జాతిదే. దాని ప్రభావాన్ని 1928లోనే గమనించారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇనుము సంగతి. చాలా బాక్టీరియాకు ఇనుము లేనిదే గడవదు, దానికోసం కొట్టుకుంటాయి. మనవాళ్లలో ఒకటైన లాక్టోబాసిల్లస్ ప్లాంటారం మాత్రం మాంగనీస్ పోగేసుకుని, ఇనుము లేకుండానే హాయిగా బతికేస్తుంది.

మూకుడు మూసి, ఎండ తగలని చోట పెట్టండి. మే నెల ఉక్కపోతలో రెండు రోజులు చాలు, డిసెంబరులో నాలుగు పడుతుంది. మూకుడు తీస్తే అంచు వెంట ఆవగింజంత బుడగలు కనిపించాలి, చెవి దగ్గర పెడితే సన్నగా చిటపట వినిపించాలి. వాసన పుల్లమజ్జిగలా ఉండాలి. నేనైతే పులుపు కొలిచే పీహెచ్ కాగితం ముంచి చూస్తాను, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువన్నమాట. 4.5 కిందికి దిగాకే అన్నం వేస్తాను.

రాత్రి వండిన అన్నం గోరువెచ్చగా ఉన్నప్పుడే అందులో వేయండి, గంటల తరబడి బయట వదిలేసిన అన్నం వద్దు. పొద్దున్నే ఉప్పు, ఉల్లిపాయ, మాగాయ ముక్కతో తినండి. తీసినంత గంజి మళ్లీ పోయండి, కానీ మూడో వంతు పాతది ఎప్పుడూ కుండలో ఉండాలి.

ఒక ఏడాది చుట్టాలు వస్తున్నారని కుండను సబ్బు పెట్టి తోమి, మరిగే నీళ్లు పోసి కడిగాను. తోడు లేకుండానే కొత్త గంజి పోశాను. రెండో రోజు సాయంత్రానికి గరిటె ఎత్తితే జిగురు తీగలా సాగింది, కుళ్లిన క్యాబేజీ వాసన. మొత్తం పారబోశాను. అత్తగారు కుండలోకి తొంగి చూసి, “ఉన్న పులుపంతా కడిగేశావమ్మా, ఇంక దానికి దిక్కెవరు?” అన్నారు. అప్పటినుంచి కుండను ఉత్త నీళ్లతో తొలిచి, వెంటనే పాత తరవాణి పోస్తున్నాను.

బూజు కనిపించినా, గులాబీ రంగు మరక కనిపించినా పైపైన తీసి వాడకండి, అంతా పారబోయండి. ఊరెళ్తుంటే ఒక సీసాలో తరవాణి పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, తిరిగొచ్చాక కుండకు అదే తోడు.